తాళం వేసిన వెనుక తలుపు

సూరత్ పక్కన సచిన్‌లో మేం చీరలు మడతపెట్టి డబ్బాలకెత్తే కార్ఖానాలో మొన్న భద్రతా వారం అని చెప్పి తలా ఒక నారింజ రంగు ఈల పంచారు. ఆ కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగలగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏందే, ఈలను చూసి గట్ల మొకం పెట్టినవ్?" అని పక్కన కూర్చునే సరోజక్క నవ్వింది. నాకింకా ఇరవై నిండలేదు, అప్పుడే ముసలమ్మలా చిన్నతనం గురించి మొదలుపెట్టానేంటని మీరూ నవ్వొచ్చు. కానీ నా చిన్నతనం ఒక మధ్యాహ్నం, ఇలాంటి ఈల ఒకటి ఎవరికీ వినపడకుండా మోగుతుండగా, అయిపోయింది.

ఇక్కడికి దగ్గర్లోనే, జోల్వాలో, మా గదికీ సాంచాల షెడ్డుకూ ఒకటే గోడ. మరమగ్గాలను మావాళ్లు సాంచాలే అంటారు. నాన్నా, ఆయనతోపాటు జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్లూ రోజుకు పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడేవాళ్లు కాబట్టి, నోటితో మాట్లాడటం ఎప్పుడో మానేసి చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు: రెండు వేళ్లు పెదవులకు ఆనిస్తే చాయ్, పిడికిలి బిగించి కిందికి లాగితే సాంచా ఆపు, రెండు అరచేతులూ ముందుకు చాపి గుండెకు లాక్కుంటే ఉన్నది ఉన్నట్టు వదిలేసి నా దగ్గరికి రా. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. ఆదివారం అమ్మ సర్వపిండి కాలుస్తుంటే, నువ్వులూ పల్లీలూ వేగే వాసన గల్లీ చివరిదాకా పోతుంటే, నాన్న ఇంకో ముక్క కూడా చేత్తోనే అడిగేవాడు, "నోరు పడిపోయిందా?" అని అమ్మ కసిరేది. ఎండాకాలం పొద్దున అంబలీ ఉల్లిగడ్డా, మధ్యాహ్నం పక్కింటి గుజరాతీ ముసలమ్మ గిన్నెలో పంపే మామిడి రసం, సాయంత్రం షెడ్ల సందుల్లో మా దొంగాటలు. ఆ మోతలో అరిచినా వినపడదు గనక ఆటలూ సైగలతోనే ఆడేవాళ్లం. మా చెల్లె మమత 'అమ్మ' అనకముందే చాయ్ సైగ నేర్చుకుందని గల్లీ అంతా చెప్పుకునేవాళ్లు.

కరోనాకు సాంచాలన్నీ ఆగిపోయినప్పుడు, ఆ నిశ్శబ్దానికి నాన్నకు తలనొప్పి పట్టుకుంది. సగం గదులు ఖాళీ అయ్యాయి, కొందరు లారీలెక్కి ఊళ్లకు పోయారు, ఆ ఏడు బతుకమ్మకు మా వాకిట్లో నలుగురే తిరిగారు. బడి ఫోన్‌లోకి వచ్చింది, ఫోన్ నాన్న జేబులో ఉండేది, మమతకు మూడు భాషల్లో ఒక్క అక్షరమూ రాలేదు.

అందుకే, బడులు తెరిచాక వచ్చిన మొదటి ఎండాకాలం సెలవుల్లో, మా తెలుగువాళ్ల సంఘం పెద్దలు పిల్లలకు పదిరోజుల శిబిరం పెడుతున్నామంటే అందరం ఎగిరి గంతేశాం. సంఘం పెద్దాయన మావాడే, అయినా ఆయన్ను అందరూ సేఠ్ అనేవాళ్లు. కరోనాలో సాంచాలు తుక్కుకు అమ్మేయగా ఖాళీ అయిన తన షెడ్డును ఉచితంగా ఇచ్చానని ఆయన మైకులో మూడుసార్లు చెప్పాడు. సగం షెడ్డులో తన తాకాలు, అంటే గుడ్డ చుట్టలు, గోడలా పేర్చి ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. మిగతా సగంలో నలభైమంది పిల్లలం పొద్దున యోగా, తర్వాత తెలుగు అక్షరాలు, పదకొండింటికి అటుకులు, మధ్యాహ్నం బొమ్మలు. గుమ్మం దగ్గర ఓదెలు తాత నుదుటికి జ్వరం చూసే మిషన్ పెట్టి, చేతుల్లో శానిటైజర్ పోసి లోపలికి పంపేవాడు. ముప్పై ఏళ్లు సాంచాలు నడిపి ఆయనకు చెవులు పోయాయి, చేతులు మాత్రం మా అందరికంటే ఎక్కువ మాట్లాడేవి.

నాలుగో రోజు ఒక సారు బ్యానరు పట్టుకొచ్చి, గాలివాన వస్తే ఏం చేయాలో నేర్పాడు. మూడుసార్లు ఈల వేస్తే వరసకట్టి వెనుక తలుపులోంచి బయటికి పోవాలి. వరసకట్టి తలుపుదాకా పోయాం. తలుపుకు తాళం. తాకాలు ఎత్తుకుపోతారని సాంచాల షెడ్లలో వెనుక తలుపుకు ఎప్పుడూ తాళం వేసే ఉంచుతారు. అది మాకు ఎంత అలవాటంటే నలభైమందిలో ఒక్కరికీ వింతనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఓదెలు తాత ఒక్కడే అడిగాడు. "సారూ, జర తాళం తీసి ఒక్కపారి బయటికి తోల్కపోరాదు పోరగాండ్లను?"

"తాళపుచెవి సేఠ్ తాన ఉన్నది తాతా. ఇది ఉత్త ప్రాక్టీసే గద" అన్నాడు సారు, మేం ఆ తలుపు ముందే నవ్వుతూ ఫోటో దిగాం.

ఆరో రోజు మధ్యాహ్నం ఉక్కపోతకు మాస్కులు గడ్డం కిందికి దిగిపోయి, బొమ్మల కాగితాలు చేతులకు అంటుకుపోతున్నాయి. ఆకాశం మురికినీళ్ల రంగుకు మారింది. దుమ్ము లేస్తోందని సారు ముందు షట్టర్ దించాడు. అంతలోనే బయటి రేకుల పందిరి కూలి షట్టర్ మీద పడింది, అది మళ్లీ లేవలేదు. కరెంటు పోయింది. రేకుల కప్పు మీద వాన మొదలైతే, వంద సాంచాలు ఒక్కసారి నడిచినట్టే ఉంది. సారు బుగ్గలు ఉబ్బించి ఈల వేస్తున్నాడు, నాకు బుగ్గలు కనపడుతున్నాయి గానీ ఈల వినపడటం లేదు. సేఠ్ మనుషులిద్దరు మావైపు చూడనైనా చూడకుండా తార్పాలిన్ తెచ్చి తాకాల మీద కప్పుతున్నారు.

నేను వెనుక నీళ్ల డ్రమ్ము దగ్గరున్నాను. ఏడేళ్ల మమత ముందువైపు, తాకాల గోడ మొదట్లో, ముడుచుకుని కూర్చుంది. దాని నెత్తిన ఒక రేకు లేస్తూ పడుతూ ఉంది. నేను గొంతు చించుకుని పిలిచాను, అది తల తిప్పలేదు.

అప్పుడు ఓదెలు తాత వెనుక తలుపు పక్కన బల్ల ఎక్కి రెండు అరచేతులూ ముందుకు చాపి గుండెకు లాక్కున్నాడు. మళ్లీ, మళ్లీ. ఒకరినొకరు తట్టి పిల్లలంతా అటు తిరిగారు. సాంచాల ఇళ్లలో పుట్టినవాళ్లం, మాకు ఆ సైగ ఎవరూ నేర్పక్కర్లేదు. కాగితాలు ఎక్కడివక్కడ వదిలేసి కదిలాం. మమత కూడా లేచి ఇటు పరుగెత్తింది. అది సగం దూరం రాకముందే ఆ రేకు తాకాల గోడను కూల్చుకుంటూ, మమత కూర్చున్న చోటే పడింది.

తాత పెద్ద పానాతో తాళం పగలగొట్టాడు. ఆ ఇనుప తలుపును గాలి వెనక్కి తోస్తుంటే, కుడిచేత్తో అంచు పట్టుకుని, వీపు ఆనించి, మమ్మల్నందరినీ ఒక్కొక్కరుగా బయటికి తోశాడు. చివరికి మమత దాటింది. అప్పుడు గాలి గెలిచింది, తలుపు ఆయన చేతి మీద పడింది.

నాలుగు రోజులకు సంఘం కూర్చుంది. పిల్లలను కాపాడాడని సారుకు శాలువా కప్పారు. తలుపు ముందు మేం నవ్విన ఫోటో గ్రూపులో అప్పటికే తిరుగుతోంది, దాని కింద చప్పట్ల బొమ్మలు. చేతికి కట్టుతో మూలన కూర్చున్న ఓదెలు తాతను చూసి సేఠ్ అన్నాడు. "తాళం పలగ్గొట్టుడెందుకు? ఒక్క ఫోన్ కొడ్తె చెవి పంపకపోదునా? ఆ తలుపు తెరిచిన్రు గనకనే మాల్ అంత తడిసింది."

నేను లేచి నిలబడ్డాను, ఏం చెప్పాలో కూడా సిద్ధంగా ఉంది. ఎదురు వరసలోంచి నాన్న, సేఠ్‌కే ఉన్న ఇంకో షెడ్డులో పనిచేసే నాన్న, పిడికిలి బిగించి కిందికి లాగాడు. ఆపు. నేను కూర్చున్నాను. సేఠ్‌నూ సారునూ తిట్టినంత తేలిగ్గా నన్ను నేను తిట్టుకోలేను, అందుకే ఈ కోపం ఇన్నాళ్లు నిలిచిందేమో.

తాతకు రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. తెగిన దారం ముడి వేయలేనివాడికి సూరత్‌లో ఏం పని? ఊరికి పోయే రోజు మా గుమ్మం ముందు ఆగి, ఎడమచేతి వేళ్లు రెండు పెదవులకు ఆనించి మమతను నవ్వించాడు. అమ్మ చాయ్ పెట్టేలోగానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ షెడ్డులో కొత్త మిషన్లు వచ్చాయి. పనివాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వింటారు. మామిడి రసం పంపే ముసలమ్మ లేదు, సందుల్లో దొంగాటలు లేవు. మమతను అడిగితే ఆ సైగ గుర్తులేదంటుంది, నేను నమ్మను.

ఈల ముట్టినట్టు సంతకం పెట్టమని సూపర్‌వైజర్ రిజిస్టర్ నా ముందుకు తోశాడు. "సహీ కరో, బేన్."

లేచి నిలబడి, వెనుక తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను.

"సేఠ్ కే పాస్" అన్నాడు, ఈ కార్ఖానా యజమాని దగ్గర కాక ఇంకెక్కడుంటుంది, అదేం ప్రశ్న అన్నట్టు.

బల్ల అవతలికి పోయి నిలబడ్డ సరోజక్క, ఆమె కూడా సాంచాల ఇంట్లో పుట్టినదే, నా కళ్లలోకి చూస్తూ పిడికిలి బిగించి కిందికి లాగింది. మా సైగలన్నీ పోయాయి, నోరు మూసుకోమనేది ఒక్కటి మిగిలింది. ఈలను రిజిస్టర్ మీద పెట్టి, ఆమెను చూడనట్టే అలాగే నిలబడి, తాళంచెవి సంగతి మళ్లీ అడిగాను.