సిరిసిల్లకు సిద్ధమైన కారు, భేస్తాన్‌లో లేచిన చెయ్యి

లాక్‌డౌన్ మొదటి ఏడాది సూరత్ నుంచి సిరిసిల్లకు కారులో వెళ్లాలనుకున్నాం. నా భార్య లావణ్యకు తొమ్మిదో నెల పడింది, కాన్పు తల్లి దగ్గరే కావాలని పట్టుబట్టింది. పాసు దొరికింది. నవాపూర్, ధూళే, నాందేడ్ మీదుగా ఒక పగలూ ఒక రాత్రీ పట్టే దారి, డీజిలూ టోలూ కలిపి ఆరు వేల దాకా అవుతుంది.

సూరత్‌లో మేముండే భేస్తాన్‌లో తెల్లవారగానే సామాను ఎక్కించాం. మామూలుగా ఆ వేళకు మరమగ్గాల చప్పుడుకు కిటికీ రేకులు అదురుతుంటాయి. ఆ రోజు వీధిలో కుక్క కూడా మొరగలేదు. అంత నిశ్శబ్దం అలవాటు లేక నాకు భయమేసింది. ఒకసారి నడిపి చూద్దామని పక్కనున్న ఉన్ అనే ఊరి దాకా వెళ్లొచ్చి ఇంజిన్ ఆపాను. లావణ్య మాత్రం సీట్లోంచి కదల్లేదు.

"కార్ల ఎవరో నీళ్లు తాగుతున్నరు," అంది మెల్లగా.

నాకేమీ వినిపించలేదు. మగ్గాల మధ్యే బతికిన నాకూ, సాగనంపడానికి వచ్చిన మా రాజమల్లు కాకకూ చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. యంత్రం బాగుందో లేదో మేం అరచేత్తోనే తేల్చుకుంటాం. మళ్లీ స్టార్ట్ చేయించి, కాక బానెట్ మీద చెయ్యి ఆనించాడు. "మంచిగనే ఉన్నది బిడ్డా, నడువుండ్రి," అన్నాడు. నేనూ చెయ్యి పెట్టి సరేనన్నాను.

"నేను కేకేస్తెనే మీకు ఇనవడదు. డాష్‌బోర్డు ఎనక గుడగుడ అంటున్నది. నేను ఎక్క," అంటూ కారు దిగిపోయింది.

ఆమె మాట తప్పని చూపించడానికే ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి రేడియేటర్ మూత తీశాను. ముందు రోజు నిండుగా పోసిన నీళ్లు బెత్తెడు తగ్గాయి. కింద నేల పొడిగా ఉంది.

"మరి నీళ్లు యాడికి వొయినయ్?" అన్నాడు కాక.

బయటికి రాలేదంటే లోపలే కారుతోందన్నమాట. అప్పట్లో ప్రతి ఇంట్లో ఉన్న రబ్బరు గ్లవ్ ఒకటి తెచ్చి, రేడియేటర్ నోటికి రబ్బర్ బ్యాండుతో బిగించి ఇంజిన్ స్టార్ట్ చేశాను. నీళ్లింకా వేడెక్కలేదు. అయినా వాలి ఉన్న గ్లవ్ ఒక్కో వేలూ నిక్కబొడుచుకుంటూ లేచి, మా వైపు వణకసాగింది. సిలిండర్ల పైన బిగించే గాస్కెట్ చిరిగితే సిలిండర్లో మండిన గాలి నీళ్లలోకి దూరి అలా తంతుంది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పోవద్దంటున్నది," అంది లావణ్య. కాక రెండడుగులు వెనక్కి వేసి, "బంద్ చెయ్," అన్నాడు.

మధ్యాహ్నం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సులో అడాజన్ ఆసుపత్రికి బయలుదేరాం. తాపీ నది వంతెన మీద ఒక్క మనిషి లేడు. సైరన్ వేయవేమని డ్రైవర్‌ను అడిగాను. "కిస్‌కో హటానా హై, భాయ్?" అన్నాడు. నిజమే, తప్పుకోవడానికి ఎవరున్నారు గనక. సాయంత్రానికి పాప పుట్టింది.

పొద్దున్నే వెళ్లిపోయి ఉంటే నొప్పులు మొదలైన వేళకు ధూళే అవతలి ఘాట్ రోడ్డులో, ఉడికిపోయిన ఇంజిన్‌తో, మూసేసిన దాబాల మధ్య ఉండేవాళ్లం. పాప నిద్రలో మూలిగితే నాకు వినిపించదు, లావణ్యే లేస్తుంది.

దూర ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఒకే మాట: మూత చల్లని ఇంజిన్ మీదే తీయండి, గ్లవ్ కట్టి చూడండి. అంతకన్నా ముందు, ఇంట్లో చెవులు బాగున్న మనిషిని కారులో కూర్చోబెట్టండి. వాళ్లు ఎక్కనంటే సామాను దించేయండి.