వేళ్ళకు అందని తప్పు

టంకశాలలో ఆమెను అందరూ డేగక్క అనేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కదిలే పట్టా మీద పరుగెత్తుతున్న నాణేల్లోంచి అంచు విరిగిన ఒక్కదాన్ని చటుక్కున ఏరినందుకు అప్పటి పర్యవేక్షకుడు పెట్టిన పేరది. ఆ పేరు ఆమెతో పాటే పెద్దదైంది. కళ్ళు మాత్రం దానికి తోడుగా రాలేకపోయాయి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. అచ్చు యంత్రం కింద రాలిన నాణేలు ఇంకా వెచ్చగా ఉండగానే పట్టా మీదుగా ఆమె బల్ల దగ్గరికి వస్తాయి. గుప్పెడు పళ్ళెంలోకి తీసుకుని బొమ్మ వైపు చూడాలి, తిరగేసి అంకె వైపు చూడాలి. చెడ్డవి ఎర్ర డబ్బాలోకి, మంచివి సంచిలోకి. ఎర్ర డబ్బాలోవి కరగడానికి పోతాయి, సంచిలోవి సీలు వేయించుకుని బజారుకు పోతాయి. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఆమె ఒక్కతే. యంత్రాల హోరుకు చెవుల్లో దూది కుక్కుకుని, పక్కమనిషితో ముక్క మాట్లాడే వీలు లేకుండా, సాయంత్రానికి మెడ కొయ్యబారిపోయేదాకా అదే పని.

చూపు మసకబారడం ముందుగా కనిపెట్టింది ఆమె భర్త. ఆయన దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చి దుకాణం మూతపడ్డాక, ఇంటి వరండాలో మిషను వేసుకుని ప్యాంట్ల అంచులు మడిచి కుడుతున్నాడు. సూదిలో దారం ఎక్కించేది ఎప్పుడూ ఆమే. ఒకరోజు ఎన్నిసార్లు పెట్టినా దారం సూది పక్కనుంచే పోయింది.

"డేగగారికి సూది బెజ్జం కూడా అడవిలా కనిపిస్తున్నట్టుందే!" అని ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి సూది చేతిలోంచి తీసుకుని, "ఎన్నాళ్ళ నుంచే?" అన్నాడు.

కంటి వెనక నరం ఎండిపోతోందని, ఆపరేషనుతో బాగయ్యేది కాదని, ఉన్న చూపు నిలబడితే అదే పదివేలని వైద్యురాలు చెప్పింది. చూపు తగ్గినవాళ్ళను తనిఖీ బల్ల దగ్గర ఉంచరు. వాళ్ళకు వేరే పనీ ఇవ్వరు, సగం పింఛనుతో ఇంటికి పంపుతారు. పూర్తి పింఛనుకు ఆమెకు ఇంకా రెండేళ్ళ సర్వీసు కావాలి. అందుకని నోరు మూసుకుని వేళ్ళకు పని నేర్పుకుంది. చేతితొడుగుల కొసలు కత్తిరించేసింది. పగిలిన అంచు వేలికి గీరుకుంటుంది. అచ్చు పక్కకు జరిగితే ఒకవైపు గట్టు పలచగా తగులుతుంది. పొర లేచిన లోహం గరగరలాడుతుంది. చూస్తున్నట్టు తల వంచుకుని, తడుముతూ నెట్టుకొచ్చింది.

ఈ సంగతి తెలిసిన రెండో మనిషి యంత్రంలో అచ్చులు బిగించే మేస్త్రీ. ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల గదిలో ఎదురుగా కూర్చుని, నాలుగు ముద్దలు తిన్నాక అన్నాడు:

"అక్కా, నువ్వు తింటున్నది నా డబ్బా."

"అయ్యో! చెప్పవేం?"

"తిను, తిను. నీ డబ్బా నాకు దక్కిందిగా, నీ వంటే బాగుంది. అది సరే, ఇదెప్పటి నుంచి?"

దాచి దాచి విసిగిపోయి ఉందేమో, ఆమె అంతా చెప్పేసింది. వేళ్ళ సంగతి కూడా. మరుసటి వారం నుంచి మేస్త్రీ ఆమె షిఫ్టుకే మారాడు. పట్టా ఎక్కకముందే పగుళ్ళ నాణేలను తనే ఏరి పడేసేవాడు. పర్యవేక్షకుడు అటు వస్తుంటే ఇనుప కడ్డీతో యంత్రాన్ని టకటకమని కొట్టి హెచ్చరించేవాడు. "సొంత తమ్ముడైతే మాత్రం ఇంతకన్నా చూస్తాడా?" అని ఆమె ఇంట్లో చెప్పుకుంది.

ఏడాది గడిచాక బజారులో గుసగుసలు మొదలయ్యాయి. వింత నాణేలు పోగుచేసే శ్రీమంతులకు ఈ టంకశాల నాణెం ఒకటి దొరికిందట. యంత్రం పొరపాటున పుట్టిన అపురూపమైన ముక్క అంటూ ఎగబడి కొంటున్నారట. తర్వాత అలాంటివే మరికొన్ని బయటపడ్డాయి. అవి దొరికిన సంచులన్నీ ఒకే వ్యాపారి ఏరి కొన్నవి, సీళ్ళు చూస్తే అన్నీ డేగక్క బల్ల మీదుగా పోయినవే. విచారణకు పిలుపొచ్చింది. చేతులు కడుక్కునే చోట ఒకామె నవ్వుతూనే అడిగింది: "ఏం డేగక్కా, ఎన్ని జతల గాజులు చేయించావు?"

విచారణ రోజు పొద్దున మేస్త్రీ వరండాలో ఆమెను పక్కకు పిలిచాడు.

"భయపడకక్కా. 'చూశాను, బాగానే ఉందనిపించింది, వదిలేశాను.' ఇంతే చెప్పు. సాక్ష్యం ఏముంది వాళ్ళ దగ్గర? నాలుగు చీవాట్లు పెట్టి ఊరుకుంటారు. కళ్ళ మాట మాత్రం ఎత్తకు. ఎత్తావో, రేపే ఇంటికి."

"మరి పదిమందిలో నన్ను దొంగ అనుకోరూ?"

"అనుకోనీ. అనుకున్నవాళ్ళు నీకు పింఛను ఇస్తారా?"

ఆ మాటా నిజమే అనిపించింది.

విచారణ అధికారి ముసలాయన. దగ్గుతో మాట మాటకీ ఆగుతున్నాడు. నాణెం ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఇందులో తప్పేమిటో చెప్పండమ్మా."

ఆమె తల వంచింది, బొటనవేలితో చుట్టూ తడిమింది. అంచు సరిగ్గా ఉంది, గట్టు అంతటా ఒకే మందంలో ఉంది, బరువు ఎప్పటిదే. పరీక్షించడానికి మంచి నాణెమే ఇచ్చాడేమో అనుకుంది.

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదా? బొమ్మ నిటారుగా పెట్టి తిరగేయండి. అంకె తలకిందులుగా ఉంది. కింది అచ్చును ఎవరో వదులు చేసి, సగం తిప్పి బిగించారు. కాసేపు కొట్టి మళ్ళీ సరిచేశారు. యంత్రం పొరపాటు చేస్తే ఎప్పుడైనా చేస్తుంది కదమ్మా. మీ షిఫ్టులోనే, మీ బల్ల దగ్గరే ఎందుకు చేస్తోంది? చూసి వదిలేసినందుకు మీకెంత ముట్టింది?"

ఆమె బొటనవేలు ఇంకా నాణెం మీదే ఉంది. వేళ్ళకు దొరికే తప్పులన్నిటినీ పట్టా ఎక్కకముందే ఏరేసి, వేళ్ళకు దొరకని ఈ ఒక్క తప్పునూ ఎంచుకున్నారు. ఆ వేళ్ళ సంగతి ఎరిగినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకాయన ఇంట్లో ప్యాంట్ల అంచులు కుడుతున్నాడు.

కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. ఒళ్ళంతా నీరసం తప్ప ఏమీ రాలేదు. చూశాను అంటే చాలు, మిగిలిన ఏడాదీ గడిచిపోతుంది. ఆ ఒక్క మాట నాలుక చివర ఉంది. చూడనిదాన్ని చూశానని చెప్పి, తీసుకోని లంచాన్ని నెత్తిన మోస్తూ, అతను కడ్డీతో కొట్టే టకటకలు వింటూ అదే బల్ల దగ్గర కూర్చోవాలి.

"దీన్ని పది మంచివాటిలో కలపండి. ఏరి ఇవ్వమని నన్ను అడగండి," అంది.

ఆయన అర్థంకానట్టు చూసి, అలాగే చేశాడు. ఆమె ఒక్కొక్కటీ తడిమి, ఒకటి తీసి ఇచ్చింది. అది మంచిదే. మళ్ళీ కలపమంది. మళ్ళీ మంచిదాన్నే ఇచ్చింది. మూడోసారి ఆయనే ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"ఈ సంగతి ఇక్కడ ఇంకెవరికి తెలుసమ్మా?"

"మేస్త్రీకి," అంది.

బయటికొచ్చేసరికి మేస్త్రీ తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. ముఖం సరిగా ఆనలేదు గానీ గొంతు ఆనింది.

"ఎంత పని చేశావక్కా! ఇన్నాళ్ళూ నిన్ను కాపాడింది ఎవరు?"

"నువ్వే," అంది ఆమె. అది అబద్ధం కాదు. గోడ పట్టుకుని మెట్లు దిగింది.

మేస్త్రీని తీసేశారు. ఆమె కాగితం నెలాఖరుకు ఇంటికొచ్చింది. భర్త మిషను ఆపి, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఏం రాశారు?"

"నువ్వు ఏ తప్పూ చేయలేదని రాశారు. చూపు ఆనదు, పనికి పనికిరావనీ రాశారు. సగం పింఛను."

"రెండూ ఒకే కాగితం మీదా?"

"ఒకే కాగితం మీద. చేతులు కడుక్కునే చోట గాజులు లెక్కపెట్టినామెకు చూపించాలంటే రెండూ చూపించాల్సిందే."

"చూపించు. అడిగితే చదివి కూడా పెట్టు. నాకెలాగూ కనపడదు," అంది ఆమె. చీకటి పడటానికి ఇంకా చాలా పొద్దు ఉన్నా, మంచం వాల్చుకుని పడుకుంది.