రాయప్ప గారు చదవని ఆఖరి వరుస

మా బడి బస్సు నడిపిన రాయప్ప గారికి అద్దం పిచ్చి. రోజూ పొద్దున్నే పాత న్యూస్‌పేపరు తడిపి ముందద్దం తుడిచేవారు. బయట ఒకసారి, లోపల రెండుసార్లు. ఎక్కుతూ ఎవరైనా దాని మీద చెయ్యి ఆనించారా, మళ్ళీ మొదలు. "వేలిముద్ర కూడా ఉండకూడదమ్మా. ఎదురు లైటు పడితే ఆ వేలే నాకు మనిషంత కనపడుద్ది" అనేవారు.

వినగడప నుంచి తిరువూరు దాకా ఎనిమిదేళ్ళు ఆయన వెనక సీట్లోనే వెళ్ళాను. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు, ఒళ్ళో పుస్తకం ఉండేది. పొద్దు వాలాక లోపలి లైటు వెయ్యమని అడిగే ధైర్యం లేక పేజీని కిటికీ దగ్గరగా పెట్టుకునేదాన్ని. ఆయన పైనున్న చిన్న అద్దంలోంచి చూసేవారు. "లోపల లైటేస్తే నాకు రోడ్డు కనపడదు. పుస్తకం మూసెయ్యమ్మా. కథ ఎక్కడికీ పోదు, పొద్దున దాకా ఆగుద్ది."

ఇరవై రెండేళ్ళలో ఆయన బస్సు ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదు. ఈ మాట ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. ఆయన భార్య ప్రేమావతి గారు చెప్పేవారు, అదీ దెప్పుతూ. "కోడికి కూడా ఆగుతాడు. నేను సంతకెళ్ళాలి ఆగమంటే మాత్రం ఆగడు."

పోయిన ఫిబ్రవరిలో వార్షికోత్సవం రిహార్సల్స్ వల్ల బస్సులు ఆలస్యంగా, ఆరున్నరకి బయల్దేరుతున్నాయి. ఊరి చివర మలుపులో ఒక బియ్యం మిల్లు ఉంది. మిల్లు యజమాని కొడుకు సాయికుమార్‌కి ఇరవై నాలుగేళ్ళు. కోతులు మిల్లు రేకులు ఊడబీకి లోపలికి దూరుతున్నాయని ఆన్‌లైన్‌లో పచ్చ లేజర్ లైటు తెప్పించాడు. చూడ్డానికి పెన్నులాగే ఉంటుంది, వెలుగు మాత్రం అరమైలు పోతుంది. మొదటి రెండు రోజులు కోతులు పారిపోయాయట. మూడో రోజు నుంచి గోడ మీది పచ్చ చుక్కను పట్టుకోవడానికి ఎగబడి, ఆటకి ఇంకొన్ని కోతుల్ని తోడు తెచ్చుకున్నాయట. కోతులు లొంగకపోయేసరికి అతను ఆ చుక్కను నీళ్ళ ట్యాంకు మీద, సెల్ టవరు మీద, పోయే లారీల మీద వెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ముప్ఫై ఒక్క మంది పిల్లలతో రాయప్ప గారి బస్సు మలుపు తిరుగుతుండగా ముందద్దమంతా ఒక్కసారి పచ్చగా వెలిగిపోయింది. రోడ్డు లేదు, కాలవ గట్టు లేదు, ఎదురుగా వస్తున్న ట్రాక్టరు లేదు. అప్పటికే పిల్లల్ని దించేసి, వెనక ఖాళీ బస్సు నడుపుకొస్తున్న ఇంకో డ్రైవరు జోజిబాబు చూసింది ఇదీ: బస్సు అటూ ఇటూ ఊగలేదు. నాలుగు మూలలా హెచ్చరిక లైట్లు వెలిగాయి. వేగం తగ్గుతూ తగ్గుతూ, గట్టుకి రెండు మూరల ఇవతల ఆగింది. "నేనైతే స్టీరింగు తిప్పేసేవాణ్ణి. కాలవలో ఉండేవాళ్ళం" అని జోజిబాబు ఇప్పటికీ చెబుతాడు.

ఎలా ఆపారని అడిగితే రాయప్ప గారు, "తిప్పలేదంతే. రోజూ పోయే రోడ్డేగా, కాసేపు కనపడకపోయినంత మాత్రాన ఎక్కడికి పోద్ది?" అన్నారు.

పొరపాటు ఆ తర్వాత జరిగింది. బస్సు దిగి, ఎక్కణ్ణుంచి పడిందా అని ఆ వెలుగు వైపు నేరుగా చూశారు. ఎవరైనా అదే చేస్తారు. మిల్లు డాబా మీంచి నవ్వుతూ చూస్తున్న సాయికుమార్ లైటు మళ్ళీ నొక్కాడు. ఈసారి అది ఆయన కుడి కంట్లో పడింది.

బస్సులో పిల్లలు ఏడుస్తుంటే విని సాయికుమార్ కిందికి పరిగెత్తుకొచ్చాడు. జోజిబాబు అతని కాలరు పట్టుకున్నాడు.

"వదిలెయ్ జోజీ" అన్నారు రాయప్ప గారు, కన్ను నులుముకుంటూ. "ఏం బాబూ, మేం కూడా నీ కోతులమేనా?"

"సరదాకి వేశానండి. బస్సు మీద పడితే ఏమవుద్దిలే అనుకున్నా."

"బస్సుకి ఏమీ కాదు. నాకు కనపడదు. నాకు కనపడకపోతే వీళ్ళు..." రాయప్ప గారు చెయ్యి చాపారు. లైటు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. పిల్లల్ని ఇళ్ళకి చేర్చడం ముందు పని కాబట్టి జోజిబాబు ఖాళీ బస్సును అక్కడే ఆపించి, తన బస్సు అతనికి ఇచ్చి, తాను పక్క సీట్లో కూర్చున్నారు.

వారం సెలవు పెట్టారు. కంటిలో పచ్చ పోయింది గాని, చూసే చోట నడిమధ్యన బఠాణీ గింజంత మసక మిగిలింది. రెండు కళ్ళతో చూస్తే తెలిసేది కాదు. అదే తగ్గుతుందిలే అనుకుని వేసవి సెలవుల దాకా నడిపారు. ఆ రెండు నెలలూ నడపడం తప్పేనని ఆయనే ఒప్పుకుంటారు. ప్రేమావతి గారు కనిపెట్టారు, రాత్రి ప్రార్థనకి బైబిలు చదివేటప్పుడు భర్త కుడి కన్ను మూసుకుంటున్నారని. "కన్ను మూసి చదివేది ప్రార్థన, వాక్యం కాదు. ఏమైంది నీ కంటికి?" అని నిలదీశారు.

అప్పటికి జూన్ వచ్చింది. బళ్ళు తెరిచే ముందు ఇక్కడ చుట్టుపక్కల బడి బస్సుల డ్రైవర్లందరికీ కంటి పరీక్ష చేస్తారు. అందులో నెగ్గకపోతే స్టీరింగు పట్టుకోనివ్వరు. రాయప్ప గారికి ఇంకో మూడేళ్ళు నడపాలని ఉండేది. ఆయనకి వేరే పని రాదు, వేరే సరదా కూడా లేదు.

ఆ పరీక్ష రహస్యం ఒకటుంది. గోడకి తగిలించే అక్షరాల అట్ట ఏళ్ళ తరబడి ఒకటే. ఆఖరి వరుసలో చీమల్లాంటి నాలుగు అక్షరాలు: వ, గ, త, ప. ఒక ఏడు జోజిబాబు అక్కడ తడబడితే, టీ కొట్టు దగ్గర రాయప్ప గారే వేళాకోళానికి ఆ అక్షరాలతో ఒక పాట కట్టారు. "వినగడపలో ఎక్కాడు, గంపలగూడెంలో దిగాడు, తిరువూరులో తిన్నాడు, పడుకున్నాడు." మరుసటి ఏటికి అది డ్రైవర్లందరికీ నోటికొచ్చేసింది.

చదువయ్యాక ఊళ్ళోనే ఉంటున్నాను కాబట్టి, పేర్లు రాసేవాళ్ళు కావాలని బడివాళ్ళు అడిగితే ఆ రోజు నేను వెళ్ళాను. పరీక్ష చేసే స్నిగ్ధ ఆ ఏడే కొత్తగా వచ్చింది. రాయప్ప గారు ఎడమ కంటితో అట్ట మొత్తం గడగడా చదివేశారు. తర్వాత ఎడమ కన్ను అరచేత్తో మూసుకున్నారు. పెద్ద అక్షరాలు తల పక్కకి వంచి, వెతుక్కుంటూ చదివారు. ఆఖరి వరుస దగ్గర ఆగిపోయారు.

గుమ్మం బయట నుంచి జోజిబాబు గుసగుస నాకూ వినపడింది. "వినగడప, అన్నా! వినగడప!"

"వ..." అన్నారు రాయప్ప గారు.

నా చేతిలో పెన్ను ఆగింది. కుడి కన్ను అని రాసిన గడి ఖాళీగా ఉంది. ఇంకో మూడు అక్షరాలు చెబితే చాలు, బస్సు ఆయనదే. వాటిని చెప్పాలని నేనెంత కోరుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన చెయ్యి దించేశారు. "కనపడట్లేదమ్మా" అన్నారు. "వ గ త ప అని నోటికొచ్చు. కనపడట్లేదు."

స్నిగ్ధకి అర్థం కాలేదు. "నోటికి రావడమేంటండీ?"

"మా అందరికీ వచ్చు. పాట కట్టింది నేనే. తప్పు నాది. ఆ అట్ట మార్చి అందరికీ మళ్ళీ మొదట్నించి చూడండి."

"కొంప ముంచావు కదన్నా!" అని బయట జోజిబాబు తల పట్టుకున్నాడు.

స్నిగ్ధ సంచిలోంచి అంకెలున్న ఇంకో అట్ట తీసింది. ముగ్గురు తప్పారు. జోజిబాబుకి ఎప్పుడో పెట్టుకోవాల్సిన కళ్ళద్దాలు ఆ రోజు తేలాయి. "ఇన్నాళ్ళూ బోర్డులు ఎలా చదివారు?" అని స్నిగ్ధ అడిగితే, "చదవడమెందుకండీ, మా రూటేగా" అన్నాడు.

సాయికుమార్‌కి సంగతి తెలిసి తనే వచ్చి రాయప్ప గారిని విజయవాడ తీసుకెళ్ళాడు. కంటి లోపల వెలుగు పడినచోట కాలి మచ్చ పడిందనీ, దానికి మందు లేదనీ డాక్టరు చెప్పారు. తిరుగు ప్రయాణంలో సాయికుమార్ ఏడ్చాడట. "ఏడవడం కాదు బాబూ," అన్నారట రాయప్ప గారు, "ఏం చేశావో పిల్లలకి నువ్వే చెప్పు. నేను చెబితే ముసలాడి చాదస్తం అంటారు." బడి తెరిచిన రోజు ప్రార్థన అయ్యాక అతను వచ్చి, అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. మర్నాడు హెడ్‌మాస్టరు గారి బల్ల మీద నాలుగు లేజర్ లైట్లు చేరాయి. అందులో ఒకటి కీచెయిను.

ఇప్పుడు వినగడప బస్సు జోజిబాబు నడుపుతున్నాడు. పిల్లల్ని ఎక్కించి, దించి, రోడ్డు దాటించే పని రాయప్ప గారిది. మిల్లు మలుపు దగ్గర డాబా మీద సాయికుమార్ పళ్ళెం వాయిస్తూ కోతుల్ని తోలుతుంటాడు. బస్సును చూసి వాయించడం ఆపుతాడు. రాయప్ప గారు చెయ్యి ఊపుతారు.

మొన్న పొద్దున గంపలగూడెం వెళ్దామని ఆ బస్సు దగ్గర నిలబడ్డాను. రాయప్ప గారు తడి పేపరుతో ముందద్దం తుడుస్తున్నారు. బయట ఒకసారి, లోపల రెండుసార్లు. తాళంచెవి కోసం జోజిబాబు చెయ్యి చాపాడు.

"ముందు అవి ఇటియ్యి" అన్నారు ఆయన.

జోజిబాబు గొణుక్కుంటూ కళ్ళద్దాలు తీసిచ్చాడు. రాయప్ప గారు వాటిని వెలుగుకి ఎత్తి, ఎడమ కంటితో చూసి, చొక్కా అంచుతో మళ్ళీ మళ్ళీ తుడిచారు. వేలిముద్ర కూడా లేదని తేలాకే తాళంచెవి ఇచ్చారు.