సైరన్ కూస్తే ధాన్యం వచ్చింది

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోనూ నెత్తిమీద కొత్త డిగ్రీ బరువూ ఉన్న రోజుల్లో, లోకంలోని పాత కట్టడాలన్నీ నా కోసమే కూలిపోకుండా ఆగి ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివి తెనాలి వచ్చి పడ్డాను. దారిలో మూతపడ్డ గోడౌన్ కనిపిస్తే చాలు, ఆటో ఆపించి, కళ్లు మూసుకుని, అందులో ఒక కాఫీ హోటల్నీ ఒక బొమ్మల ప్రదర్శననీ ఊహించుకునేదాన్ని. ("అమ్మాయిగారూ, వెయిటింగ్ ఛార్జీ పడుద్ది" అనేవాడు ఆటో అతను.) అలాంటి నా కంట్లో మా పెదనాన్న రైసుమిల్లు పడింది.

ఆ మిల్లు నందివెలుగు రోడ్డులో ఉండేది. చుట్టుపక్కల పెద్ద మిల్లులు వచ్చాక పెదనాన్న నడపలేక మూసేశాడు. ఎత్తైన రేకుల కప్పు, గోడల నిండా ఏళ్లనాటి తవుడు, మధ్యలో నల్లగా బిగుసుకుపోయిన యంత్రాలు. బాపట్ల నుంచి పాత ఇనుము వ్యాపారి ఒకాయన తరచూ వచ్చి, పెళ్లిచూపులకొచ్చినవాడిలా ఆ యంత్రాల చుట్టూ తిరిగి, టేపుతో కొలుచుకుని, టీ తాగి వెళ్లేవాడు. మేం ఆయనకు ఇనుప బాబాయని పేరు పెట్టాం. యంత్రాలు ఆయన లారీ ఎక్కితే ఆ స్థలం ప్లాట్లయిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. నేను వెళ్లి పెదనాన్న ముందు నిలబడ్డాను.

"అమ్మొద్దు పెదనాన్నా. ఇక్కడ నాటకాలు వేయిద్దాం. జనం వచ్చి మిల్లు చూస్తారు, కాఫీ తాగుతారు, నాటకం చూసి వెళ్తారు."

"మిల్లు చూడ్డానికి ఎవరొస్తారే? నేనే చూడలేక తలుపులేశాను" అన్నాడు. (తలుపులేశాడే గానీ, అప్పుడప్పుడూ వెళ్లి మూలనున్న చిన్న మరకు నూనె పెట్టి వచ్చేవాడు. ఎందుకని అడిగితే, "కాళ్లు పట్టేస్తాయే దానికి" అనేవాడు.) అయితే ఆయనకు పద్య నాటకమంటే ప్రాణం. నేను సరిగ్గా అక్కడే పట్టుకున్నాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఒక్క నాటకం. హాలు నిండిందా, మిల్లు నీది. నిండలేదా, మర్నాడు పొద్దున్నే తాళాలు ఇనుప బాబాయి చేతిలో పెడతా. మళ్లీ నా దగ్గరకొచ్చి ముక్కు చీదకూడదు." నేను యుద్ధానికి బయల్దేరే సేనాపతిలా తలూపాను.

ఇక నా ప్రతాపం మొదలైంది. యంత్రాలన్నిటికీ ఎర్రరంగూ నీలంరంగూ వేయించాను. చుట్టూ తాళ్లు కట్టించి, ఒక్కోదానికి 'ముట్టరాదు' అని బోర్డు తగిలించాను. గేటు మీద 'పారిశ్రామిక వారసత్వ సాంస్కృతిక కేంద్రం' అని రాయించాను. పెదనాన్న దాన్ని కూడబలుక్కుని చదివి, "ఏంటమ్మా ఇది, బిల్లు కట్టే ఆఫీసు అనుకుని క్యూ కడతారు" అన్నాడు. రాజు వేషానికి మా ఊళ్లో పేరున్న నటుణ్ణి పిలిచాం. ఆయన రాగం ఎత్తుకుంటే వదలడు గనక ఆయన రాగం బాబాయి. రిహార్సల్లో ఆయన ఒక పాదం పాడి ఆపితే, ఆ ఖాళీ హాలు అదే పాదాన్ని రెండుసార్లు తిరిగి పాడింది. "ఈ మిల్లు నాతో పోటీకొస్తోందమ్మా, గెలిచేట్టుంది కూడాను" అని ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను చదివిన చదువులో ఈ ప్రతిధ్వనికి మందు ఉంది, గోడలకు తొడిగే మెత్తటి పలకలు. అవి తెప్పించే స్తోమతే మాకు లేదు.

నాటకం రోజు మధ్యాహ్నం నాకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాటకాల్లో తెర తీసేముందు మూడో గంట కొడతారు కదా, దాని బదులు మిల్లు సైరన్ మోగిస్తే? స్విచ్చి వేశాను. ఏళ్ల తరబడి నోరు మూసుకున్న సైరన్ కుయ్యోమని లేచింది. రేకుల కింద పావురాలన్నీ ఎగిరిపోయాయి. నాకు ఒళ్లు పులకరించి ఇంకోసారి వేశాను. వీడియో సరిగ్గా రాలేదని మూడోసారి కూడా వేశాను.

సాయంత్రమైంది. ముందు వరసలో పెదనాన్న. ఆయన వెనక ఇనుప బాబాయి, జేబులోంచి టేపు తొంగిచూస్తూ. ఆ వెనక అన్నీ ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు. వాన పడుతుందేమోనని వారం నుంచీ ఫోన్లో చూసుకున్నాను గానీ పంచాంగం చూడాలని తోచలేదు. ఆ రోజు బలమైన పెళ్లి ముహూర్తం. తెనాలి తెనాలంతా ఫంక్షన్ హాళ్లలో విస్తళ్ల ముందు కూర్చుని ఉంది. రాగం బాబాయి కిరీటంతో సహా తెరలోంచి తల బయటపెట్టి, "ఏంటమ్మా, నేను కుర్చీలకు పాడాలా?" అన్నాడు. ఇనుప బాబాయి ముందుకు వంగి, పెదనాన్న చెవిలో మర్యాదగా, "పొద్దున్నే లారీ చెప్పమంటారాండి?" అన్నాడు. పెదనాన్న చిన్న మర వైపే చూస్తున్నాడు.

అప్పుడు గేటు దగ్గర ట్రాక్టర్ చప్పుడైంది. దాని వెనక తగిలించిన ట్రక్కు నిండా ధాన్యం బస్తాలు, బస్తాల మీద నందివెలుగు అత్తయ్య, ఆవిడ చుట్టూ ఇంటిల్లిపాదీ. (మాకు వరసకు అత్తయ్య. పెదనాన్న మిల్లుకు తరతరాల ఖాతాదారు.)

"అట్టా గుడ్లప్పగించి చూస్తావేంటే? కూత వేశారుగా! మూడుసార్లు వేసేసరికి రద్దీగా ఉందేమోనని, ధాన్యం బస్తాలకెత్తగానే పరిగెత్తుకొచ్చాం. దించండ్రా!"

అప్పుడు వెలిగింది నాకు. మా వైపు పొలం ఉన్న ఇళ్లలో తిండి ధాన్యం ఇంట్లోనే ఉంచుకుని, కావలసినప్పుడు కాసిని మరాడించుకుంటారు. మిల్లు సైరన్ కూసిందంటే మర తిరుగుతోంది, బస్తాలు పట్టుకురండి అని అర్థం. మిల్లు ఇంట్లో పుట్టి పెరిగి, నేను దాన్ని నాటకం గంట అనుకున్నాను. అత్తయ్య వెనక మరో ట్రాక్టర్ వచ్చింది. ఆ వెనక ఆటోలు, కాళ్ల మధ్య మూట ఇరికించుకున్న స్కూటర్లు. పాత అలవాటు ప్రకారం అందరూ బస్తాలు మోసుకొచ్చి గోడల పొడవునా వరసగా పేర్చారు. మిల్లులో బస్తా వరసలో పెట్టినవాడు దాన్ని వదిలి కదలడు, కదిలితే వరస పోతుంది. అందుకని ఎవరి బస్తా మీద వాళ్లు ఎక్కి కూర్చున్నారు. ఆడవాళ్లూ పిల్లలూ కుర్చీలు ఆక్రమించారు.

పెదనాన్న లేచి మిల్లు నడవడం లేదని చెప్పబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, "ముందు నాటకం అత్తయ్యా, ఆ తర్వాత మర!" అని అరిచేశాను. అరిచాక భయమేసి పెదనాన్న మొహంలోకి చూశాను. ఆయన మూలకేసి చూసి, "చిన్న మర తిరుగుద్ది" అన్నాడు.

తెర లేచింది. రాగం బాబాయి మొదటి పద్యం ఎత్తుకుని, పాదం చివర అలవాటుగా భయపడుతూ ఆగాడు. మిల్లు మారు పలకలేదు! అంత మందీ అన్ని బస్తాలూ కలిసి ఆ ప్రతిధ్వనిని మింగేశాయి. దాంతో ఆయనకు రెక్కలొచ్చాయి. బస్తాల మీది నుంచి "వన్స్ మోర్" కేకలు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా అరిచింది, కుర్చీ ఎక్కి నిలబడి మరీ, ఇనుప బాబాయి. ఆయన కోసం యుద్ధంలో కూలిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ కూలాడు.

నాటకం అవగానే పెదనాన్న పంచె ఎగ్గట్టి, నా తాళ్లు విప్పి, 'ముట్టరాదు' బోర్డు పీకి ఇనుప బాబాయి చేతికిచ్చి, స్విచ్చి వేశాడు. బెల్టు దడదడలాడింది. నేను వేయించిన నీలంరంగు పెచ్చులుగా రాలింది. వెచ్చటి తవుడు వాసన హాలంతా కమ్ముకుంది. రాజుకు కొట్టిన చప్పట్లకంటే పెద్ద చప్పట్లు మోగాయి. అత్తయ్య దోసిట్లోకి బియ్యం తీసుకుని, "అచ్చం మునుపటిలాగే ఉన్నాయి అన్నయ్యగారూ" అంది. పెదనాన్న ఏడ్చాడు. కంట్లో తవుడు పడిందని కూడా చెప్పలేదు.

తాళాలు నా చేతికొచ్చాయి. అప్పటి నుంచి ఆ మిల్లులో ఆదివారం పొద్దున మర, సాయంత్రం నాటకం. వడ్లమూడి నుంచి కాలేజీ పిల్లలొచ్చి, బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో నోరు తెరుచుకుని చూసి, వీడియోలు తీసుకుని వెళ్తారు. ఇనుప బాబాయి తనకు దొరికిన పాత కాటాలు కరిగించకుండా తెచ్చి మాకే ఇస్తున్నాడు. గేటు మీద బోర్డు తీయించి 'మిల్లు' అని రాయించాను.

మొన్నీమధ్య రేపల్లెలో ఇంకో పాత మిల్లును నాటకశాల చేశాం. హాలు కిటకిటలాడుతోంది, పెళ్లిళ్లు లేని రోజు నేనే పంచాంగం చూసి పెట్టాను. సైరన్ నేనే మోగించాను. అందరూ వేదిక వైపు తిరిగితే నేను గేటు దగ్గరకెళ్లి నిలబడ్డాను. తాళ్లూ బోర్డులూ పట్టుకుని తిరిగిన ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటూ ఉండగా, ఒక పెద్దాయన స్కూటర్ మీద, కాళ్ల మధ్య ఒక్క మూటతో వచ్చి ఆగాడు.

"మర మొదలెట్టారాండి?"

"మొదలెట్టామండి. లోపలికి రండి, మీదే మొదటి వరస" అన్నాను.

లోపల, మర పక్కన, నూనె డబ్బా పట్టుకుని పెదనాన్న అప్పటికే నిలబడి ఉన్నాడు.