గవర్నర్ పేరు మీద

నల్లగొండలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒక సంగతి నన్ను తొలిచేసేది. మా ఆఫీసుకు వచ్చే ప్రతి జీవోలో 'గవర్నర్ ఉత్తర్వు మేరకు, గవర్నర్ పేరిట' అని ఉండేది. పశువుల దవాఖాన పైకప్పు మార్చాలన్నా అదే మాట. ఇవన్నీ గవర్నర్ కూర్చుని చదువుతారా? ఉండబట్టలేక మా సూపరింటెండెంట్ సారును అడిగాను.

సారు నవ్వారు. "మీ ఇంట్ల లగ్గం పత్రిక ఎవరి పేరు మీద కొట్టిస్తరు?"

"మా తాత పేరు మీద సార్."

"మరి పనులన్నీ ఆయనే చేస్తడా?"

"లేదు సార్, మా బాపు చూసుకుంటడు."

"గిది గూడ గంతే. నిర్ణయం మంత్రులది, పేరు గవర్నర్‌ది."

సాయంత్రం నకిరేకల్ బస్సులో ఆ మాటే తలలో తిరిగింది. మా అక్క పెళ్లినాడు, తనను అడగకుండా వంటవాళ్లను మార్చారని తాత అలిగి మంచం దిగలేదు. ఆయన రానిదే అయ్యగారు మంత్రం ఎత్తుకోలేదు. ముహూర్తం దాటిపోతుంటే బాపు వెళ్లి కాళ్లు పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సారుకు ఆ పెళ్లి సంగతి చెప్పి అడిగాను. "సార్, మరి గవర్నర్ అలిగితే?"

ఈసారి సారు నవ్వలేదు. లేచి తలుపు దగ్గరగా మూసి వచ్చి, గొంతు తగ్గించి అన్నారు:

"అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు గూడ సంతకం కోసం గట్లనే కూసుంటది."