మీటల మీద మాస్టారి చెయ్యి

ఏలూరు స్టూడియోలో మా పాటలు మిక్సింగు చేసే మాస్టారు పోయారని ఓనరుగారు ఫోన్ చేశారు. నేనప్పుడు మాస్టారి దగ్గరికే బయల్దేరి, భీమడోలు స్టేషన్లో పాసింజరు కోసం చూస్తున్నాను. "రేపు రండమ్మా, మూడో చరణం మిక్సింగు కూడా చేసేద్దాం" అని ముందురోజే అన్నారు కదండీ! "ఎవరండీ? ఏ మాస్టారండీ?" అని అడిగిందే అడిగాను. గుండెపోటట. కూర్చోలేక, నిలబడలేక, రైలొచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను.

ఆయనా అంతే, కుదురెరగని మనిషి. ముందు కుర్చీ ఉన్నా కూర్చోగా నేను చూళ్ళేదు. మా చర్చి క్వయరుతో మొదటిసారి కేసెట్టు రికార్డింగుకి వెళ్ళినప్పుడు, "ఏవండీ, నా గొంతు కాస్త పెంచండి" అన్నాను. "పాటంటే బంతిభోజనమమ్మా. అంతా మీ విస్తట్లోనే వడ్డించేస్తే పక్కవాళ్ళు లేచిపోతారు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. పాట విన్నాక నోరు మూసుకున్నాను.

తర్వాత ఓనరుగారు మద్రాసు నుంచి కంప్యూటరున్న పాత మిక్సింగు బోర్డు కొనుక్కొచ్చారు. దాని మీద ఒక్కో గొంతుకీ ఒక్కో మీట. ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో మాస్టారు ఓసారి మీటలు జరిపితే కంప్యూటరు గుర్తుపెట్టుకుని, మళ్ళీ పాట పెట్టినప్పుడు తనే జరుపుతుంది. దయ్యం పట్టినట్టు అవి కదులుతుంటే మేమంతా నోళ్ళు వెళ్ళబెట్టాం. మాస్టారి చెయ్యి మాత్రం ఊరుకుంటేనా! కదిలే మీట మీద వేలు వేసేవారు. వేలు తగిలితే చాలు, కంప్యూటరు అదే కొత్త లెక్కనుకుని పాతది చెరిపేసేది. పొద్దుటినుంచి పడ్డ పాటంతా గంగపాలు. "నా చెయ్యే నాకు శత్రువైపోయిందమ్మా" అని, బళ్ళో శిక్షపడ్డ పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. నవ్వాపుకోలేకపోయేవాళ్ళం.

అంత్యక్రియలయ్యాక స్టూడియోకి వెళ్ళాను. పోయేముందురోజు దాకా మాస్టారు చేస్తున్న పాట ఆదివారమే చర్చిలో విడుదల. వేరే అతన్ని పిలిపించి మొదటినుంచీ చేయిద్దామన్నారు ఓనరుగారు.

"వద్దండీ! మాస్టారు చేసింది చేసినట్టే ఉండాలి" అని పోట్లాడాను. ఏడుపు తన్నుకొచ్చింది.

ఆయనా కళ్ళు తుడుచుకుని, "సరేనమ్మా, ముందు ఓసారి విందాం" అని పాట పెట్టారు.

పల్లవికి క్వయరు మీటలు లేచాయి. మొదటి చరణానికి నా మీట మెల్లగా పైకి జరిగింది. రెండో చరణంలో నా గొంతు బొంగురుపోయిన చోట కాస్త దిగి, మళ్ళీ ఎక్కింది. నా లోపాన్ని అంత మర్యాదగా దాచారని నాకప్పుడే తెలిసింది.

మూడో చరణం మొదలైంది. పాటలో నేను పాడుతూనే ఉన్నాను. మీటలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.