మ్యాపులో లేని బేతనీపేట

రెబ్కా ఏం పని చేస్తుందో వాళ్ల నాన్నకే సరిగ్గా తెలియదు. ఒంగోలులో ఓ ఆఫీసు. నేల మీదా, నీళ్ల మీదా ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలన్నీ అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. ఒక్కోటీ చదివి, అందులో ఊరి పేరు పట్టుకుని, కంప్యూటర్ మ్యాపులో ఆ ఊరి మీద గుర్తు పెట్టాలి. అప్పుడు ఎవరైనా కొత్తపట్నం అని వెతికితే అక్కడి తీరం సంగతి, పొదిలి అని వెతికితే అక్కడి మెట్టనేల సంగతి బయటికొస్తాయి. చదువుకున్నవాళ్లు అన్నీ రాసి అటకెక్కించారు. ఇన్నాళ్లకు దించుతున్నారు, సంతోషం.

ఆ కుప్పలోనే ఒకరోజు ఆమెకు తన పంపు కనిపించింది. ‘మల్లినేనిపాడు తాగునీటిలో ఫ్లోరైడ్’ అని పరిశోధన పేరు. లోపల ఫొటోలో చర్చి గోడ, గోడ మీద నీలిరంగు శిలువ, పక్కన చేతిపంపు. ఆ పంపు మల్లినేనిపాడులో లేదు. ఊరికి అవతల, మిరపచేల వెనక, ఆమె పుట్టిపెరిగిన బేతనీపేటలో ఉంది. ఆ నీళ్లు తాగే రెబ్కా పళ్లు గారపట్టాయి. వాళ్ల నాన్న జక్రయ్య మోకాళ్లు వంకర తిరిగాయి.

వెంటనే నాన్నకు ఫోన్ చేసింది.

"నాన్నా, అప్పట్లో మన పంపు నీళ్లు సీసాల్లో పట్టుకుపోయినోళ్లకి ఏ ఊరని చెప్పావు?"

"మల్లినేనిపాడనే చెప్పా. ఇంకేం చెబుతామే? పేట పేరు చెబితే ఆ సీసా ముట్టుకునేవోళ్లా?"

పేట పేరు చెప్పడమంటే కులం చెప్పడమే. అందుకే బేతనీపేట వాళ్లు బస్సులోనైనా ఆస్పత్రిలోనైనా పెద్ద ఊరి పేరే చెబుతారు. జక్రయ్య కూడా అలవాటైన మాటే అన్నాడు. దాంతో పేట నీళ్ల జబ్బు ఊరి పేరు మీదకెక్కింది, మందు కూడా ఊరికే పోయింది. మంచినీళ్ల ప్లాంటు ఊరి నడిబొడ్డున కట్టారు. ఊరి బావి నీళ్లు అప్పటికే తియ్యగా ఉండేవి! ఊరి జనం పట్టుకోగా మిగిలితేనే పేటకు. పేటవాళ్లు అర్జీ పెట్టినప్పుడల్లా, మీ నీళ్ల మీద పరిశోధనేదీ లేదే అని ఆఫీసర్లు తిప్పి పంపుతారు. ఒళ్లు మండదూ?

ఇప్పుడు మళ్లీ సర్కారువాళ్లు కొత్త ప్లాంట్లు ఇస్తారట, ఈ మ్యాపు చూసే ఇస్తారట. సాయంత్రానికి మ్యాపు పైఅధికారులకు వెళ్లిపోతుంది. గుర్తు పేట మీదకు జరిపితే నాన్న తాగే నీళ్లు మారతాయి. జరపాలంటే నీకెలా తెలుసని అడుగుతారు, ఆ పేట తనదని అందరి ముందూ నోరు తెరిచి చెప్పాలి. ఆఫీసులో చేరిన రోజు నుంచీ ఆమె చెప్పుకున్న ఊరు మల్లినేనిపాడు. అద్దెగది ఇచ్చిన ఇంటావిడకు చెప్పిందీ అదే. రెబ్కా అన్న పేరును బట్టి ఆవిడ ఏం ఊహించుకుందో గానీ, పైకి అడగలేదు. పేట పేరు వింటే ఇక అడగాల్సిన పనే ఉండదు. అడకత్తెరలో పోకచెక్క అయింది రెబ్కా బతుకు. మధ్యాహ్నం క్యారేజీ కూడా తెరవలేదు.

చివరికి భయపడుతూనే లేచి సూపర్‌వైజర్ శ్యామ్ సుందర్ గారి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన మంచివాడే.

"సార్, ఈ గుర్తు తప్పండి. ఈ పంపు బేతనీపేటలో ఉంది."

"రాసినాయన మల్లినేనిపాడనేగా రాశాడు. ఫొటో చూసి మార్చేస్తే ఎలాగమ్మా? అక్కడి మనిషి ఎవరైనా చెబితే, ఆ మాట మీద ఇప్పుడే మార్చేద్దాం," అంటూ ఆయన మౌస్ అందుకున్నారు. "ఇంతకీ నీది ఏ ఊరు?"

పక్క కుర్చీల వాళ్లు తలలు ఎత్తారు. బేతనీపేట అనాలి, అంతే. కానీ చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నకు ఆమె నోటికి అలవాటైన జవాబు ఒకటే.

"మల్లినేనిపాడండి."

శ్యామ్ సుందర్ గారు నవ్వారు. "మరింకేం! మీ ఊరి మీదే ఉందిగా గుర్తు," అని మ్యాపు పంపించేశారు.